పుట్టిన బిడ్డను తల నుంచి పాదాల దాకా ఎలా చూడాలి: ఏది మామూలు, ఏది లోపం

పుట్టిన బిడ్డలో చూడగానే భయపెట్టేవి చాలావరకు ప్రమాదం లేనివే. సాగిన తల, ఎర్రబడ్డ కన్ను, నడుము మీద నీలపు మచ్చ చూసి ఇంటిల్లిపాదీ హడలిపోతారు. కొద్ది రోజుల్లోనో కొన్నేళ్ళలోనో అవే పోతాయి. ప్రాణం మీదికి తెచ్చేవి మాత్రం గుట్టుగా ఉంటాయి. మలద్వారం లేని సంగతి డైపర్ దాచేస్తుంది, అంగిలి చీలికను నాలుక కప్పేస్తుంది, ఆహారనాళం మూసుకుపోయిన బిడ్డ మొదట్లో కాస్త ఎక్కువ చొంగ కార్చే బిడ్డలాగే కనిపిస్తుంది. కళ్ళబడ్డవి రాసుకుని ఊరుకుంటే పరీక్ష అయినట్టు కాదు. ఫలానావి ఉన్నాయా అని పనిగట్టుకుని వెతకాలి. ఈ వ్యాసం ఆ పని చేసే నర్సులకూ, ప్రసవాలు చేసేవాళ్ళకూ ఉద్దేశించింది. తల్లిదండ్రులు చదివినా ఉపయోగమే.

దొరికిన ప్రతిదాని గురించీ మూడు ప్రశ్నలు వేసుకోండి. ఎప్పటినుంచి ఉంది? ఎక్కడిదాకా ఉంది? నొక్కినా కదిపినా మారుతోందా? సగం సందేహాలు వీటితోనే తీరిపోతాయి.

ఎప్పుడు, ఏమేం పెట్టుకుని

పుట్టిన మొదటి నిమిషాల్లో చేసేది పైపై చూపు: ఊపిరి, రంగు, ఏడుపు, కాళ్ళూ చేతులూ, వీపు, మలద్వారం. పూర్తి పరీక్ష 72 గంటల్లోపు చేయాలి, వీలైతే 24 గంటలు నిండాక. మళ్ళీ ఒకసారి 6 నుంచి 8 వారాల మధ్య చూడాలి. కొన్ని గుండె లోపాలు, తుంటి లోపాలు మొదటిరోజు బయటపడవు కాబట్టి ఈ రెండోసారి తప్పదు.

గది వెచ్చగా ఉండాలి, 25 డిగ్రీలకు తగ్గకూడదు. టార్చి, నాలుక అదిమే పుల్ల, సాగని టేపు, స్టెతస్కోపు, ఆఫ్తాల్మోస్కోపు (కంటి లోపలికి వెలుగు వేసి చూసేది), పల్స్ ఆక్సిమీటర్ (రక్తంలో ఆక్సిజన్ శాతం చూపేది) దగ్గర పెట్టుకోండి. చేతులు కడుక్కుని, రుద్దుకుని వేడి చేసుకోండి. చల్లటి చేయి తగిలితే ఏడుపు మొదలవుతుంది, ఏడ్చే బిడ్డలో గుండె చప్పుడూ వినబడదు, తుంటీ తెలియదు. బిడ్డ మరీ ఆకలితోనూ, అప్పుడే కడుపునిండా తాగీ ఉండకూడదు. డైపర్‌తో సహా బట్టలన్నీ తీసేయాలి. తల్లి పక్కనే ఉండాలి.

బిడ్డను ముట్టుకునే ముందు తల్లిని అడగాల్సినవి ఉన్నాయి. స్కానింగులో ఏమైనా చెప్పారా? ఉమ్మనీరు ఎక్కువైందా, తక్కువైందా? బిడ్డ ఎదురుకాళ్ళతో ఉందా? తల్లికి గర్భానికి ముందే షుగరు ఉందా, మూర్ఛ మందులు వాడారా? ఇంట్లో ఎవరికైనా చిన్నప్పటినుంచే తుంటి, గుండె, కన్ను, వినికిడి లోపాలున్నాయా? బిడ్డ మూత్రం పోసిందా, దొడ్డికి వెళ్ళిందా, ఏ గంటకి? ఉమ్మనీరు ఎక్కువైందంటే బిడ్డ మింగలేకపోయిందేమో అనుకోవాలి. మరీ తక్కువైందంటే మూత్రపిండాల మీద అనుమానం ఉంచుకోవాలి.

పేరుకి తల నుంచి పాదాల దాకా అంటాం గానీ, చేసేటప్పుడు బిడ్డ ఎలా ఉంటే అలా పోవాలి. నిద్రలో ఉంటే ముందు ఊపిరి లెక్కపెట్టి, గుండె వినండి. తనంతట తాను కళ్ళు తెరిస్తే అప్పుడే కళ్ళు చూసేయండి. ఏడిపించే పనులు రెండు, నోరూ తుంటీ. వాటిని చివరికి పెట్టుకోండి.

చేతులు కట్టుకుని ఒక నిమిషం

ముందు దూరం నుంచి చూడండి. ఊపిరి పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టాలి. పసిబిడ్డ ఊపిరి ఆగి ఆగి నడుస్తుంది కాబట్టి పావు నిమిషం లెక్కని నాలుగుతో హెచ్చవేస్తే తప్పు వస్తుంది. నిమిషానికి 60 దాటినా, ముక్కుపుటాలు ఎగరేస్తున్నా, డొక్కలు లోపలికి పోతున్నా, మూలుగుతున్నా అది మామూలు కాదు. మొదటి ఒకటి రెండు రోజులు అరచేతులు, పాదాలు నీలంగా ఉంటే కంగారు లేదు. నాలుక, చిగుళ్ళు నీలంగా ఉంటే మాత్రం ఒక్క నిమిషం కూడా ఆగకూడదు. ముదురు ఛాయ బిడ్డల్లో చర్మం రంగు మోసం చేస్తుంది, అందుకే ఎప్పుడూ నోటి లోపలే చూడాలి.

రెండు చేతులూ సమానంగా ఆడుతున్నాయా? ఒక చేయి పక్కకి వేలాడుతూ, మోచేయి చాచుకుని, అరచేయి వెనక్కి తిరిగి ఉంటే భుజం దగ్గరి నరాలు సాగి ఉంటాయి. చెయ్యి కదిపితే ఏడుస్తూ, మెడ ఎముక మీద వేలు పెడితే కరకరలాడితే ఎముక విరిగినట్టు. రెండూ కలిసి కూడా ఉండొచ్చు.

ఏడ్చేటప్పుడు ముఖం ఒక పక్కకి లాగితే కన్ను చూడండి. కన్ను కూడా మూతపడకపోతే ముఖ నరం దెబ్బతింది, కాన్పులో ఒత్తిడి పడితే అలా అవుతుంది, చాలామందికి వారాల్లో నయమవుతుంది. కళ్ళు రెండూ బాగానే మూసుకుంటూ, కింది పెదవి మూల మాత్రమే ఒక పక్క కిందికి దిగకపోతే అక్కడి చిన్న కండరం పుట్టుకతోనే లేదని. దానితో ముఖానికి పెద్ద నష్టం లేదు గానీ, అలాంటి బిడ్డల్లో కొందరికి గుండె లోపం ఉంటుంది. ఒకసారి గుండె స్కానింగు చేయించడం మంచిది.

తల: వాపు ఎక్కడ ఆగుతోంది

కాన్పు దారిలో నలిగి తల సాగి, ఎముకలు ఒకదానిమీదికొకటి ఎక్కడం సహజం, వారంలో సర్దుకుంటుంది. కంగారుపెట్టేది వాపు. తల మీద వాపు మూడు రకాలు. చూడటానికి ఒకలాగే ఉన్నా, ఒకటి రెండు రోజుల్లో పోతుంది, ఒకటి నెలలు ఉంటుంది, ఒకటి గంటల్లో చంపుతుంది.

మొదటిది పుట్టేసరికే ఉంటుంది. మెత్తటి పిండిలా వేలు నొక్కితే గుంట పడుతుంది, పుర్రె ఎముకల అతుకులు దాటి అటూ ఇటూ వ్యాపించి ఉంటుంది. ఇది చర్మంలో చేరిన నీరు, రెండు మూడు రోజుల్లో పోతుంది.

రెండోది పుట్టేసరికి ఉండదు. కొన్ని గంటలకు మొదలై మర్నాటికి బాగా కనిపిస్తుంది. గట్టిగా, గుండ్రంగా, ఒకే ఎముక మీద ఉంటుంది, అతుకు దగ్గర గీత గీసినట్టు ఆగిపోతుంది. ఎముకకీ దాని పొరకీ మధ్య చేరిన రక్తం ఇది. ఆ పొర అతుకు దగ్గర అంటుకుని ఉండటంవల్ల రక్తం దాటలేదు. పోవడానికి వారాల నుంచి మూడు నెలల దాకా పడుతుంది, మధ్యలో అంచు గట్టిపడి గిన్నె మూతిలా తగులుతుంది. సూదితో తీయకూడదు, తీస్తే చీము పడుతుంది. ఈ రక్తం కరిగేటప్పుడు కామెర్లు పెరుగుతాయి, వాటి మీద కన్నేసి ఉంచాలి.

మూడోది ఎక్కువగా వాక్యూమ్ కాన్పుల తరవాత వస్తుంది. వాపు అతుకులు దాటుతుంది, నుదుటి నుంచి మెడ వెనక దాకా పాకుతుంది, చెవులను ముందుకు నెడుతుంది. ఒక పక్క నొక్కితే రెండో పక్క పెట్టిన వేళ్ళకి నీళ్ళ సంచిలా అల తగులుతుంది. తల చుట్టుకొలత 1 సెంటీమీటరు పెరిగితే సుమారు 40 మిల్లీలీటర్ల రక్తం అక్కడ చేరినట్టు లెక్క. 3 కిలోల బిడ్డ ఒంట్లో మొత్తం రక్తం 250 మిల్లీలీటర్ల చుట్టుపక్కలే. బిడ్డ పాలిపోయి, గుండె వేగం పెరిగిందంటే అప్పటికే ఆలస్యమైంది. వాక్యూమ్ పెట్టిన ప్రతి బిడ్డకీ మొదటి కొన్ని గంటలు గంటకోసారి తల తడిమి, టేపుతో కొలవాలి.

మాడు చూడాలంటే బిడ్డ ఏడవకూడదు, తల ఎత్తి పట్టుకోవాలి. పడుకోబెట్టి ఏడుస్తున్నప్పుడు చూస్తే ఆరోగ్యంగా ఉన్న మాడు కూడా ఉబ్బే ఉంటుంది. శాంతంగా, నిటారుగా ఉన్నా ఉబ్బి బిగుసుకుంటే మెదడు మీద ఒత్తిడి. లోపలికి గుంట పడితే ఒంట్లో నీరు చాలలేదు. నెలలు నిండిన బిడ్డ తల చుట్టుకొలత దాదాపు 35 సెంటీమీటర్లు, 33 నుంచి 37 దాకా మామూలే. కనుబొమల పైనా, వెనక ఎత్తుగా ఉన్నచోటా టేపు పెట్టి మూడుసార్లు కొలిచి పెద్ద అంకె రాయండి. మొదటిరోజు వాపు కొలతను మార్చేస్తుంది కాబట్టి మూడోరోజు మళ్ళీ కొలవాలి. వారం దాటాక కూడా అతుకు మీద గట్టు తగులుతూ, రెండు ఎముకలూ విడివిడిగా కదలకపోతే అతుకు ముందే మూసుకుపోయిందేమో చూపించాలి.

కళ్ళు, చెవులు, ముక్కు

తెల్లగుడ్డు మీద ఎర్రటి రక్తపు మరక రెండు వారాల్లో పోతుంది, చూపుకి ఏమీ కాదు. వెతకాల్సింది కనుపాపలో. గది చీకటి చేసి, అర మీటరు దూరం నుంచి ఆఫ్తాల్మోస్కోపు వెలుగు రెండు కళ్ళ మీదా పడేలా చూడండి. రెండింటిలోనూ ఒకేలాంటి ఎర్రటి లేదా నారింజ మెరుపు రావాలి. ముదురు ఛాయ బిడ్డల్లో అది కాస్త మందంగా ఉంటుంది, రెండూ ఒకలా ఉన్నాయా అన్నదే ముఖ్యం. తెల్లగా కనిపించినా, నల్లటి మచ్చ పడినా, అసలు మెరుపు రాకపోయినా శుక్లం గానీ, కంటి లోపల గడ్డ గానీ కావచ్చు. పుట్టుకతో వచ్చే దట్టమైన శుక్లానికి మొదటి 6 నుంచి 8 వారాల్లో ఆపరేషన్ జరగకపోతే మెదడు ఆ కంటితో చూడటం నేర్చుకోదు. తరవాత కంటి కటకం బాగుచేసినా చూపు రాదు. నల్లగుడ్డు మరీ పెద్దదిగా, మసకగా ఉండి, వెలుగు చూడలేక నీళ్ళు కారుతుంటే కంటిలో ఒత్తిడి పెరిగినట్టు. పెద్ద కళ్ళు అందంగా ఉన్నాయని మురిసిపోయి దీన్ని వదిలేయడం తరచూ జరిగేదే.

చెవి ముందు చిన్న రంధ్రమో, చర్మపు తొడిమో ఉంటే వినికిడి పరీక్ష తప్పకుండా చేయించాలి. లేకపోయినా ప్రతి బిడ్డకీ నెలలోపు ఆ పరీక్ష కావాలి. లోపం ఉందని 3 నెలల్లోపు తేలి, 6 నెలల్లోపు మిషనో చికిత్సో మొదలైతేనే మాటలు సరిగా వస్తాయి. మడతపడిన చెవి డొప్పని మొదటి వారాల్లో అచ్చు పెట్టి సరిచేయొచ్చు, ఆ తరవాత మృదులాస్థి గట్టిపడి వంగదు.

ముక్కు విషయంలో ఒక్క గుర్తు పట్టుకోండి. నోరు మూసుకుని ఉన్నప్పుడు నీలంగా మారి, ఏడవగానే ఎర్రబడే బిడ్డకి ముక్కు వెనక దారి రెండువైపులా మూసుకుపోయి ఉంటుంది. పసిబిడ్డ ముక్కుతోనే ఊపిరి తీస్తుంది, ఏడిస్తే నోరు తెరుచుకుంటుంది కాబట్టి తేడా వస్తుంది. ఒక్కో ముక్కుపుటం దగ్గర దూది పోగు పట్టి కదులుతోందా చూడండి. కదలకపోతే నోట్లో గాలి గొట్టం పెట్టి బిడ్డ ఊపిరి నిలబెట్టి, వెంటనే పంపాలి.

నోరు

పరీక్షలో బద్ధకం ఎక్కువగా పనిచేసేది ఇక్కడే. చిటికెన వేలు పెట్టి తడిమి సరే అనేస్తారు. వెనకనున్న మెత్తటి అంగిలి చీలిక వేలికి దొరకదు. వారాల తరవాత పాలు ముక్కులోంచి వస్తున్నాయని తల్లి వస్తే అప్పుడు తెలుస్తుంది.

బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టి, ఒకరు చేతులు పట్టుకోవాలి. గడ్డం కాస్త కిందికి నొక్కి, పుల్లతో నాలుక అదిమి, టార్చి వేసి, కొండనాలుక దాకా పూర్తిగా కళ్ళతో చూడాలి. కొండనాలుక రెండుగా చీలి ఉందా? ఆ తరవాతే వేలు: మెత్తటి వైపు పైకి తిప్పి అంగిలి వెంట వెనక్కి పోనివ్వండి. గట్టి అంగిలి చివర నొక్కు తగిలితే పైన పొర మూసి ఉన్నా లోపల చీలిక ఉన్నట్టే. అదే వేలిని బిడ్డ ఎంత బలంగా చప్పరిస్తోందో కూడా చూసుకోవచ్చు.

గ్రహణం మొర్రి పేరులో గ్రహణం ఉంది గానీ, దానికీ దీనికీ సంబంధమే లేదు. గర్భం మొదటి రెండు నెలల్లో పెదవి భాగాలు కలవకపోతే మొర్రి అవుతుంది, అంగిలి మరికొన్ని వారాలకు మూసుకుంటుంది. పెదవి ఆపరేషన్ సాధారణంగా 3 నుంచి 6 నెలల మధ్య, అంగిలిది ఏడాది వయసు చుట్టుపక్కల. అంతదాకా పాలు పట్టడమే అసలు పని. పెదవి ఒక్కటే చీలితే రొమ్ము పట్టగలదు. అంగిలి చీలితే నోట్లో చప్పరించే బలం నిలవదు, పాలు పిండి మెత్తటి సీసాతోనో చెంచాతోనో, బిడ్డని నిటారుగా కూర్చోబెట్టి పట్టాలి. గంటసేపు తాగుతూనే ఉందంటే తాగుతున్నట్టు కాదు, అలసిపోతోందని. బరువు వారానికోసారి చూడాలి.

కింది దవడ మరీ చిన్నదై, నాలుక వెనక్కి పడి ఊపిరి ఆడకపోతే బిడ్డను బోర్లా వేయండి, నాలుక ముందుకి జారుతుంది. పర్యవేక్షణ ఉన్నచోటే ఇది చేయాలి. అంగిలి మీదా చిగుళ్ళ మీదా తెల్లటి ముత్యాల్లాంటి చుక్కలు ఏమీ కావు.

నోట్లోంచి నురగ ఆగకుండా వస్తూ, తుడిచిన నిమిషానికే మళ్ళీ నిండుతూ, దగ్గుతూ నీలంగా మారుతుంటే పాలు పట్టకండి, ఒక్క చుక్క కూడా. ఆహారనాళం మధ్యలో తెగి ఉండొచ్చు. 8 లేదా 10 నంబరు గొట్టాన్ని నోటిలోంచి మెల్లగా పోనివ్వండి. 10 సెంటీమీటర్ల దగ్గర ఆగిపోతే అనుమానం బలపడ్డట్టే. మరీ సన్నటి మెత్తటి గొట్టం తెగిన నాళం పై భాగంలోనే చుట్టలు చుట్టుకుని కడుపులోకి పోయినట్టు భ్రమ పెడుతుంది, ఎక్స్‌రే తీస్తేనే నిజం తెలుస్తుంది. తల కాస్త ఎత్తుగా పెట్టి, నురగ పీలుస్తూనే పంపాలి. ఈ లోపం ఉన్న బిడ్డలో మలద్వారం, వెన్ను, గుండె, మూత్రపిండాలు, చేతి బొటనవేళ్ళు కూడా తప్పక చూడాలి, ఇవి గుంపుగా వస్తాయి.

ఛాతీ, గుండె

మొదటిరోజు గుండెలో శబ్దం వినబడి తరవాత పోవచ్చు, వినబడకుండానే పెద్ద లోపం ఉండొచ్చు. స్టెతస్కోపు ఒక్కటే చాలదు. 24 గంటలు నిండాక కుడి చేతికీ, ఏదో ఒక పాదానికీ ఆక్సిమీటర్ పెట్టండి. కుడిచేయి ఎందుకంటే, గుండె దగ్గరి పిండదశ నాళం (గర్భంలో తెరిచి ఉండి, పుట్టాక మూసుకునేది) పెద్ద ధమనిలో కలవకముందే అక్కడికి రక్తం వెళ్ళిపోతుంది. పాదానికి వెళ్ళేది కలిశాక. రెండు అంకెలూ 95 శాతం లేదా ఆ పైన ఉండి, తేడా 3 దాటకపోతే సరి. ఏ ఒక్కటి 90 కంటే తగ్గినా వెంటనే డాక్టర్ని పిలవాలి. మధ్యలో ఉంటే గంట ఆగి మళ్ళీ చూడాలి. చల్లటి పాదానికి పెడితే తప్పు అంకె వస్తుంది, ముందు వెచ్చచేయండి.

గజ్జల్లో నాడి రెండువైపులా పట్టి చూడండి. చేతిలో బాగా కొట్టుకుంటూ గజ్జల్లో అందకపోతే పెద్ద ధమని ఇరుకుగా ఉండొచ్చు. ఇలాంటి బిడ్డలు ఇంటికెళ్ళాక, ఆ పిండదశ నాళం మూసుకుపోయిన రోజున ఒక్కసారిగా కుప్పకూలుతారు.

ఆడా మగా తేడా లేకుండా రొమ్ములు ఉబ్బి, పాలలాంటి చుక్క కూడా రావొచ్చు. తల్లి హార్మోన్లవల్ల అది. పిండితే చీముగడ్డ అవుతుంది.

పొట్ట, బొడ్డు, మలద్వారం

బొడ్డుతాడు కోసినచోట మూడు రంధ్రాలుండాలి: గోడ దళసరిగా ఉన్న చిన్నవి రెండు ధమనులు, వెడల్పుగా ఒక సిర. ధమని ఒక్కటే ఉంటే మిగతా ఒళ్ళంతా ఇంకోసారి జాగ్రత్తగా చూడండి. ఊపిరి ఆడక, ఛాతీ ఉబ్బి, పొట్ట మాత్రం పడవలా లోపలికి పోయి ఉంటే పేగులు ఛాతీలోకి ఎక్కాయేమో అనుకోవాలి. అలాంటి బిడ్డకి మాస్కు పెట్టి గాలి ఊదకూడదు, గాలి పేగుల్లోకి పోయి ఊపిరితిత్తుల్ని ఇంకా నొక్కేస్తుంది.

పేగులు బయటే ఉండి పుడితే, లోపలికి తోయకండి. గోరువెచ్చని సెలైన్‌లో తడిపిన శుభ్రమైన గాజుగుడ్డ కప్పి, పైన పలచటి ప్లాస్టిక్ షీటు చుట్టి, పేగు మెలిపడకుండా బిడ్డని పక్కకి పడుకోబెట్టాలి. కడుపులోకి గొట్టం వేసి, ఒళ్ళు వెచ్చగా ఉంచి పంపాలి. తెరిచిన పేగుల మీంచి వేడీ నీరూ చాలా వేగంగా పోతాయి.

బొడ్డు హెర్నియా ఏడ్చినప్పుడల్లా ఉబ్బుతుంది. చాలావరకు 4, 5 ఏళ్ళకి మూసుకుంటుంది. బిళ్ళ పెట్టి బిగించి కట్టినా త్వరగా మూసుకోదు, చర్మం మాత్రం ఒరుస్తుంది. గజ్జల్లో వచ్చే హెర్నియా అలా కాదు, పేగు చిక్కుకునే ప్రమాదం ఉంది, కనిపించగానే ఆపరేషన్‌కి చూపించాలి.

పసరు వాంతి, అంటే పచ్చగా పడే వాంతి, ఏ వయసు పసిబిడ్డకైనా పేగు మెలిపడిందేమోనని వెంటనే చూపించాల్సినది. తెల్లవారేదాకా ఆగితే మెలిపడ్డ పేగు చచ్చిపోతుంది.

మలద్వారాన్ని కళ్ళతో చూడాలి, రెండు పిరుదులూ విడదీసి. డైపర్‌కి నల్లటి మరక అంటిందని ఉన్నట్టు అనుకోవడం పెద్ద పొరపాటు. ఆడబిడ్డలో యోని దగ్గరి రంధ్రంలోంచి, మగబిడ్డలో మూత్రంలో కలిసి కూడా ఆ నలుపు రావొచ్చు. మలద్వారం సరైనచోటే ఉండి, 48 గంటలైనా దొడ్డికి పోక పొట్ట ఉబ్బుతుంటే పెద్దపేగు చివర నరాలు లేకపోవడం ఒక కారణం.

జననాంగాలు

మగబిడ్డలో రెండు వృషణాలూ సంచిలో ఉన్నాయా? వెచ్చటి చేత్తో గజ్జ నుంచి కిందికి దువ్వినట్టు తీసుకురండి. నెలలు నిండిన బిడ్డల్లో దాదాపు నూటికి ముగ్గురికి ఒకటి దిగి ఉండదు, చాలామందికి మొదటి నెలల్లో దిగుతుంది. 6 నెలలకీ దిగకపోతే ఏడాది, ఏడాదిన్నర లోపు ఆపరేషన్ కావాలి. రెండూ చేతికి దొరకకపోతే మాత్రం ఆగకండి. అది బాగా మగపోలిక వచ్చిన ఆడబిడ్డ కావచ్చు. మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథి లోపం వల్ల అలా అవుతుంది, ఆ బిడ్డ మొదటి రెండు మూడు వారాల్లో ఒంట్లో ఉప్పు కోల్పోయి ప్రాణం మీదికి తెచ్చుకుంటుంది. ఆడో మగో తేల్చుకోలేకపోతే ఊహించి చెప్పొద్దు. "పరీక్షలు చేసి చెబుతామమ్మా" అనడమే సరి. ఒకసారి నోరు జారితే వెనక్కి తీసుకోవడం ఆ కుటుంబానికి చాలా కష్టం.

మూత్రరంధ్రం చివరన కాక కిందివైపు ఉంటే సున్తీ చేయకూడదు, ఆ ముందోలే తరవాత ఆపరేషన్‌కి పనికొస్తుంది. ముందోలును వెనక్కి లాగి చూడొద్దు, ఈ వయసులో అది అంటుకునే ఉంటుంది. మగబిడ్డ మూత్రం ధారగా కాక చుక్కచుక్కగా వస్తుంటే మూత్రనాళంలో అడ్డు ఉండొచ్చు. ఆడబిడ్డకి మొదటి వారంలో తెల్లటి జిగురు, రెండు చుక్కల రక్తం సహజమే. డైపర్ మీద ఇటుక పొడి రంగు మరక సాధారణంగా రక్తం కాదు, మూత్రంలోని ఉప్పు స్ఫటికాలు. పాలు చాలడం లేదేమో మాత్రం చూసుకోండి.

వీపు

బిడ్డను అరచేతి మీద బోర్లా వేసుకుని మెడ నుంచి పిరుదుల దాకా వేలు జరపండి. పిరుదుల గీతలో చిన్న గుంట చాలామందికి ఉంటుంది. 5 మిల్లీమీటర్ల లోపు వెడల్పు, మలద్వారానికి 2.5 సెంటీమీటర్ల లోపు దూరం, నడుమ గీత మీదే, అడుగు కనిపిస్తూ ఉంటే వదిలేయొచ్చు. అంతకంటే పైన ఉన్నా, పక్కకి ఉన్నా, వెంట్రుకల కుచ్చో, కొవ్వు గడ్డో, ఎర్రటి మచ్చో తోడున్నా అల్ట్రాసౌండ్ చేయించాలి. వెన్నెముక గట్టిపడకముందు, మొదటి మూడు నెలల్లోనే అది స్పష్టంగా కనిపిస్తుంది.

వెన్ను తెరిచి ఉండి సంచిలా బయటికొస్తే బిడ్డను బోర్లానే ఉంచి, సెలైన్‌లో తడిపిన గాజుగుడ్డ, పైన ప్లాస్టిక్ కప్పండి. రబ్బరు గ్లవ్స్ వాడకండి, ఈ పిల్లలకి లేటెక్స్ ఎలర్జీ త్వరగా పట్టుకుంటుంది. కాళ్ళు కదుపుతోందో లేదో రాసిపెట్టండి, ఆపరేషన్ చేసేవాళ్ళకి అది కావాలి.

తుంటి, కాళ్ళు, వేళ్ళు

గట్టి బల్ల మీద వెల్లకిలా వేసి, తుంటీ మోకాలూ 90 డిగ్రీలు వంచండి. ఒక చేత్తో నడుము కదలకుండా పట్టుకుని, రెండో చేత్తో ఒక్క కాలే చూడాలి. బొటనవేలు తొడ లోపలివైపు, నడిమివేలు బయట తుంటి ఎముక ఉబ్బు మీద ఉండాలి. ముందు తొడను లోపలికి తెచ్చి మెల్లగా వెనక్కి నొక్కండి. బంతి గూట్లోంచి జారితే చేతికి తెలుస్తుంది. తరవాత తొడను బయటికి విప్పుతూ నడిమివేలితో పైకెత్తండి. జారిపోయి ఉన్న బంతి గూట్లోకి ఎక్కితే 'దడ్' మని ఒక కుదుపు తగులుతుంది. చెవికి వినపడే 'టిక్' చప్పుడు వేరు, అది కండరాలూ, వాటిని ఎముకకు పట్టే తాళ్ళూ చేసేది, ప్రమాదం లేదు. బలం ఉపయోగించకూడదు, పదేపదే చేయకూడదు. తొడ మడతలు రెండువైపులా సమానంగా లేవన్న ఒక్క కారణంతో ఏమీ తేల్చకండి.

నెలలు నిండే వేళకి ఎదురుకాళ్ళతో ఉన్న బిడ్డకీ, ఇంట్లో తుంటి లోపం ఉన్నవాళ్ళ బిడ్డకీ, పరీక్ష బాగున్నా సరే, 6 వారాల వయసులో తుంటి అల్ట్రాసౌండ్ చేయించాలి. తొలి నెలల్లో పట్టీల బెల్టుతో కుదిరేది, నడక వచ్చాక తెలిస్తే పెద్ద ఆపరేషన్. కాళ్ళు చాచి కట్టినట్టు గుడ్డ చుట్టడం తుంటికి చెడు. చుట్టాలంటే మోకాళ్ళు కప్పలా విప్పుకునే చోటు వదలాలి.

పాదం లోపలికి తిరిగి ఉంటే వేలితో మెల్లగా సరిచేసి చూడండి. మామూలు స్థితికి వచ్చి పైకి కూడా వంగితే గర్భంలో నలిగిన పాదమే, సర్దుకుంటుంది. రాకుండా బిగుసుకుని, మడమ పైకి లాగి ఉంటే వంకరపాదం. దానికి పాన్సెటి పద్ధతి: వారానికోసారి మారుస్తూ 5, 6 సార్లు పిండికట్లు, చాలామందికి పిక్క కండరాన్ని మడమకు పట్టే తాడు మీద చిన్న కోత, తరవాత బూట్లు బిగించిన కడ్డీ మూడు నెలలు రోజుకి 23 గంటలు, ఆపైన 4, 5 ఏళ్ళ దాకా నిద్రలో. పిండికట్లు ఎవరూ మానరు, కడ్డీయే మానేస్తారు. పాదం మళ్ళీ తిరిగిపోయేది ఎక్కువగా అక్కడే.

ఆరో వేలు సన్నటి తొడిమతో వేలాడుతున్నా దారం కట్టకండి. మొండి మిగులుతుంది, చీము పట్టొచ్చు. అరచేతిలో ఒకటే అడ్డగీత ఉంటే దాన్నొక్కదాన్నే పట్టుకుని జన్యులోపం అనొద్దు, ఆరోగ్యవంతుల్లోనూ ఉంటుంది. ఒళ్ళు గుడ్డలా వేలాడటం, చదునైన ముఖం, పైకి వాలిన కళ్ళు, కాలి బొటనవేలికీ పక్క వేలికీ మధ్య ఎడం కలిసి కనిపిస్తే డౌన్ సిండ్రోమ్ కోసం రక్తపరీక్ష, దానితోపాటు గుండె స్కానింగు చేయించాలి. చిన్న లోపాలు మూడు కనబడితే లోపల పెద్దదొకటి ఉందేమో వెతకడం ఎప్పుడూ మంచి అలవాటు.

చర్మం, కాగితం

నడుము మీద నీలపు మచ్చలు ఏళ్ళ మీద మాయమవుతాయి. వాటి చోటూ కొలతా రాసిపెట్టాలి, లేకపోతే తరవాత ఎవరో దెబ్బలనుకుంటారు. రెండోరోజు వచ్చే ఎర్రటి దద్దుర్లు, ముక్కు మీద తెల్లచుక్కలు, మెడ వెనక ఎర్రమచ్చ వదిలేయొచ్చు. నుదురు, పైరెప్ప మీద ముదురు ద్రాక్ష రంగు మచ్చ ఉంటే కన్నూ మెదడూ చూపించాలి. మొదటి 24 గంటల్లో వచ్చే కామెర్ల పసుపు ఎప్పుడూ మామూలు కాదు.

ఇంటికి పంపేటప్పుడు తల్లికి దొడ్డి రంగు చూడమని చెప్పండి. రెండు వారాలు దాటినా పసుపు తగ్గక, దొడ్డి సుద్దలా తెల్లబారుతుంటే పైత్యనాళాలు మూసుకుపోయి ఉండొచ్చు. ఆ ఆపరేషన్ 60 రోజుల్లోపు జరిగితే ఫలితం బాగుంటుంది కాబట్టి, 6 వారాల పరీక్షలో చూపిద్దాంలే అని ఆగకుండా డైపర్‌తో సహా అదే రోజు రమ్మనండి.